వెతకడం మానేస్తే తగ్గిపోయిన జబ్బు

మొన్న సంక్రాంతి వెళ్ళాక మా నాన్న ఓ నెల రోజులు నా దగ్గర ఉందామని హైదరాబాదు వచ్చాడు. పొద్దున్నే ఐదింటికి లేవడం, ఆరయ్యేసరికి కిందకి దిగి మా అపార్టుమెంటు వాచ్‌మన్‌తో కబుర్లేసుకోవడం ఆయన కార్యక్రమం. ఇద్దరిదీ శ్రీకాకుళం జిల్లాయే, ఇక మాటలకి కరువేముంటుంది. ఓ రోజు నేను ఆఫీసుకి బయల్దేరి కిందకొస్తే ఇద్దరూ కనబళ్ళేదు. చూస్తే వెనకాల పంపు షెడ్డు పక్కన, ఎండ పడే చోట, వాచ్‌మన్ చొక్కా విప్పి స్టూలు మీద కూచుని ఉన్నాడు, కళ్ళు గట్టిగా మూసుకుని. మా నాన్న నా బాల్‌పెన్ను పట్టుకుని అతని వీపు మీదా, భుజాల మీదా, ముంజేతి మీదా తాకిస్తూ "ఎక్కడ ముట్టుకున్నానో వేలెట్టి చూపించు" అంటున్నాడు. వీపు మీద తాకితే వెంటనే చూపిస్తున్నాడు. ఎడమ భుజం మీద అరచెయ్యంత మచ్చ ఉంది, అక్కడ తాకితే మాత్రం ఊరుకుంటున్నాడు. పైగా "ముట్టుకోండి బాబూ" అంటున్నాడు. అప్పటికి నాలుగుసార్లు ముట్టుకున్నాడు మా నాన్న.

సంగతేమిటంటే, అంతకుముందురోజు పొగలు కక్కుతున్న టీ గ్లాసుని (స్టీలు గ్లాసు) అతను ఎడమచేత్తో అలవోకగా పట్టుకోవడం మా నాన్న కంటపడింది. చిటికెనవేలు కొంచెం వంగి ఉండడం కూడా. "చెయ్యి కాలట్లేదేటి?" అంటే "ఈ చెయ్యికి ఏటీ తెలీదు బాబూ, మొద్దుబారిపోనాది" అన్నాడట. భుజం మీద మచ్చకి ఏడాదిన్నరగా తామర మందు రాస్తున్నాడు. రెండు చోట్ల చూపించుకున్నాడు, ఒకటి చిన్న క్లినిక్కు, ఒకటి పెద్దాస్పత్రే. రెండు చోట్లా ఆయింటుమెంటు రాసిచ్చి పంపేశారు. మచ్చని పెన్నుతో ముట్టుకుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఏడాదిన్నర! నిమిషం కూడా పట్టని పరీక్ష అది. ఖర్చు, నా పెన్ను.

ఇక్కడ మా నాన్న గురించి కాస్త చెప్పాలి. ఆయన 1977లో లెప్రసీ కంట్రోల్ యూనిట్లో చేరి 2008లో రిటైరయ్యాడు. చేరినప్పుడు ఉద్యోగం పేరు నాన్ మెడికల్ అసిస్టెంటు. డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. తరవాత్తరవాత పారామెడికల్ అనీ ఆఫీసరు అనీ గౌరవమైన పేర్లు తగిలించారు గానీ ఊళ్ళలో మాత్రం ఎప్పటికీ "మచ్చల డాక్టరే". బళ్ళో "మీ నాన్నేం చేస్తార్రా" అనడిగితే "హెల్తు డిపార్టుమెంటు" అని అక్కడితో ఆపేసేవాణ్ణి. ఒకసారి మా బడికే సర్వేకొచ్చాడు. చొక్కాలు విప్పించి మమ్మల్ని వరసగా ఎండలో నిలబెట్టారు. నాతో మాట్లాడకుండా ఉంటే బాగుణ్ణని దేవుడికి మొక్కుకున్నాను. నా వంతు వచ్చింది. అందరిలాగే వెనక్కి తిప్పి చూశాడు, మోచేతి వెనక నరం వేలితో తడిమాడు, "తరవాత" అన్నాడు. అంతే. ఆయన నన్ను కాపాడాడని అప్పుడనుకున్నాను. నిజానికి ఆయన అందరికీ అలాగే చేసేవాడు.

సరే, అసలు విషయానికొద్దాం. కుష్టుని పట్టుకోవడం ఎందుకంత కష్టం? మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్తాను. ప్రోగ్రాములో ఏదైనా చెడితే ఎర్రర్ మెసేజి వస్తుంది, అది చూసి మనం పరిగెడతాం. ఒంటికి ఎర్రర్ మెసేజి అంటే నొప్పి. ఈ కుష్టు బాక్టీరియా ఒంట్లో చల్లగా ఉండే చోట్లు చూసుకుని, చర్మంలోనూ చర్మానికి దగ్గరగా పోయే నరాల్లోనూ కాపురం పెడుతుంది. అంటే ఎర్రర్ మెసేజి పంపే తీగనే ముందు తెంపేస్తుంది. మచ్చ దురద పెట్టదు, నొప్పెట్టదు. పనికి అడ్డం రాదు. కూలికెళ్ళేవాడు ఒకరోజు కూలి మానుకుని, నొప్పిలేని మచ్చ చూపించుకోడానికి ఆస్పత్రికి వెళ్తాడా? నేనైతే వెళ్ళను.

పైగా దీనికి తొందరేం లేదు. మిగతా క్రిములు నిమిషాల్లో, గంటల్లో రెట్టింపవుతుంటే ఇది ఒక్కసారి రెట్టింపవడానికి సుమారు రెండు వారాలు తీసుకుంటుంది. ఒంట్లో చేరాక బయటపడడానికి సగటున ఐదేళ్ళు, ఒక్కోసారి ఇరవై. నూటికి తొంభైఐదు మందిలో సహజంగానే దీన్ని ఎదుర్కొనే శక్తి ఉంటుంది, కాబట్టి వందమందిలో ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం. ప్రయోగశాలలో పెంచుదామంటే ఇప్పటిదాకా ఏ గాజుపళ్ళెంలోనూ పెరగలేదు. రక్తం తీసి పంపిస్తే "ఉంది, లేదు" అని ఖాయంగా చెప్పే పరీక్ష ఊళ్ళ స్థాయిలో ఈరోజుకీ లేదు. స్పర్శ పోయిన మచ్చా, ఉబ్బిన నరమా, చర్మం గీరి తీసిన నమూనాలో క్రిములా, ఈ మూడింట్లో ఒకటి కనబడాలి. మొదటి రెండూ మనిషి వెళ్ళి మనిషిని ముట్టుకుంటేనే తెలిసేవి.

అంచేత ఈ జబ్బు చరిత్ర అంటే మందుల చరిత్ర కన్నా ముందు వెతకడం చరిత్ర. విచిత్రమేమిటంటే ఆ వెతకడం మొదట పద్ధతిగా జరిగింది మన దగ్గర కాదు, నార్వేలో. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ దేశపు పడమటి తీరంలో, బీద రైతులూ జాలర్ల ఇళ్ళలో కుష్టు బాగా ఉండేది. 1856లో వాళ్ళు దేశం మొత్తానికీ ఒక రిజిస్టరు తెరిచారు. ఒక జబ్బుకోసం ఒక దేశం మొత్తం పేరుపేరునా రాసి పెట్టిన మొదటి రిజిస్టరు అదేనంటారు. ఎవరికుంది, ఏ ఊరు, ఎవరి కొడుకు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని జిల్లా వైద్యులు రాసి పంపాలి. రిజిస్టరు మూసేసేనాటికి అందులో ఎనిమిది వేల పైచిలుకు పేర్లున్నాయి. అది వంశపారంపర్యంగా వచ్చే జబ్బని అప్పటి పెద్ద డాక్టర్లు నమ్మేవారు. హాన్సెన్ అనే కుర్ర డాక్టరు ఆ రిజిస్టరుని ముందేసుకుని, ఊళ్ళు తిరిగి, ఇది అంటుజబ్బేనని తేల్చుకుని 1873లో క్రిమిని చూపించాడు. మైక్రోస్కోపు సంగతి అందరికీ తెలుసు, రిజిస్టరు సంగతి ఎవరూ చెప్పరు. నా వృత్తి మూలాన కాబోలు, నాకు రిజిస్టరే ముద్దొస్తుంది.

మన దగ్గరికొస్తే బ్రిటిషువాళ్ళు జనాభా లెక్కల్లోనే కుష్టువాళ్ళని కూడా లెక్కేయించారు, గుడ్డివాళ్ళూ మూగవాళ్ళూ పిచ్చివాళ్ళతో కలిపి. 1921 లెక్కల్లో దేశం మొత్తం మీద లక్ష పైచిలుకు తేలారు. లెక్కేసిందెవరు? జనాభా లెక్కల ఎన్యూమరేటరు, అంటే ఏ బడిపంతులో, కరణమో. గుమ్మం ముందు నిలబడి "మీ ఇంట్లో ఎవరికైనా పెద్దరోగం ఉందా?" అనడిగితే ఎవరు ఉందంటారు చెప్పండి. వేళ్ళు పోయి ముక్కు కూలినవాణ్ణి ఎలాగూ దాచలేరు, వాణ్ణి రాసుకున్నారు. మచ్చ ఉన్నవాడు ఏ లెక్కలోనూ లేడు. మరో వంక 1898 నాటి కుష్టు చట్టం ఉండనే ఉంది. దాని కింద అడుక్కు తినే కుష్టురోగిని పోలీసులు పట్టుకెళ్ళి ఆశ్రమంలో పడెయ్యొచ్చు. (ఆ చట్టాన్ని పుస్తకాల్లోంచి తీసెయ్యడానికి మనకి 2016 దాకా పట్టింది.) కనబడితే జైలులాంటి చోటు, కనబడకపోతే సొంత ఇల్లు. దాక్కోవడం మూర్ఖత్వమేం కాదు, తెలివైన పనే.

దాక్కున్నవాణ్ణి బయటికి రప్పించే కిటుకు పట్టుకున్నది ఎర్నెస్ట్ మ్యూర్ అనే డాక్టరు. కలకత్తాలో పనిచేసేవాడు. 1920ల్లో సర్వే బృందాలు పంపించే ముందు ఆయన పెట్టుకున్న వరస చూడండి: ముందు ప్రచారం, తరవాత వైద్యం, ఆఖర్న సర్వే. ఊళ్ళో ముందు ఒక వైద్యశాల తెరువు, పదిమందికి బాగవుతోందని జనం కళ్ళారా చూడనీ, అప్పుడు ఇల్లిల్లూ తిరుగు. మనమైతే ముందు సర్వే అంటాం, డేటా లేకుండా ఏం చేస్తాం అంటాం. నువ్వు ఇచ్చేదేమీ లేనప్పుడు ఎదుటివాడు డేటా ఎందుకివ్వాలి అన్నది ఆయన ప్రశ్న. అప్పటికి మందంటే చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లు. భరించలేని నొప్పి, ఫలితం అంతంతమాత్రం. ఆ మాత్రం ఆశకే జనం కదిలారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు 1915లో మొదలెట్టిన ఆస్పత్రికి కూడా అలా ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మ్యూర్ బృందాలు తిరిగిన చోటల్లా జనాభా లెక్కలు చెప్పినదానికి ఎన్నో రెట్లు బయటపడ్డారు. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

డాప్సోన్ మాత్రలు వచ్చాక కథ మారింది. చవక, నోట్లో వేసుకునే మందు. 1951లో పెట్టిన గాంధీ స్మారక కుష్టు సంస్థలో డాక్టర్ వార్దేకర్ సర్వే, ప్రచారం, చికిత్స కలిపి ఒక పద్ధతి తయారుచేశాడు. ఆశ్రమాలు కట్టొద్దు, రోగిని ఇంట్లోనే ఉంచి ఊరినే ఆస్పత్రి చెయ్యండి అని. 1955లో జాతీయ కుష్టు నియంత్రణ కార్యక్రమం వచ్చింది. అదే ఏడాది తమిళనాడులో పోలంబాక్కంలో హెమెరిక్స్ అనే బెల్జియం డాక్టరు రోడ్డు పక్కన చెట్ల కిందే క్లినిక్కులు పెట్టాడు. చెట్టే ఆస్పత్రి. వీటన్నిటికీ ఊరూరా తిరిగే మనుషులు కావాలి కదా, అలా పుట్టింది మా నాన్న ఉద్యోగం.

ఒక్కొక్కళ్ళకి పాతికవేల జనాభా. ఓ సైకిలు, ఓ రిజిస్టరు, ఓ పెన్ను, ఓ కోడిఈక. ఆ పాతికవేల మందినీ ఒక్కొక్కరినీ పగటి వెలుతుర్లో నిలబెట్టి చూడాలి. లైటు వెలుతుర్లో మచ్చ రంగు తేడా తెలీదు. తాటాకిళ్ళలో చూరు కింద చీకటి, అందుకని వీధిలోకో పెరట్లోకో రమ్మనాలి. పొలాలకి వెళ్ళకముందే ఊళ్ళో ఉండాలి. శోభి మచ్చ, తామర, బొల్లి, పుట్టుమచ్చ, వీటిలోంచి అసలుదాన్ని ఏరాలి. ఆడవాళ్ళని మగవాడు ఎంతని చూడగలడు? ముఖం, చేతులు, మహా అయితే పాదాలు. మిగతాదానికి ఇంట్లో ముసలమ్మని బతిమాలుకుని "లోపలికి తీసికెళ్ళి వీపు చూసి చెప్పమ్మా" అనడం.

ఆయన రిజిస్టరు నేను చూశాను. ఇంటి నంబరు, పేరు, వయసు, చూసిన తేదీ, మచ్చ ఉందా లేదా. వీటితోబాటు "గైర్హాజరు" అని ఇంకో గడి. ఆ గడి ఆయనకి నిద్రపట్టనిచ్చేది కాదు. "ఉన్నవాడు దొరికేశాడు, లేనివాడితో గొడవలేదు, కనబడనివాడితోటే పనంతా" అనేవాడు. సర్వేకొచ్చిన ప్రతిసారీ పొలానికి పోయేవాడే అనుమానించదగినవాడు. అలాంటివాళ్ళని పట్టుకోడానికి ఆయనకి తెలిసిన మంచిరోజు కనుమ. ఆరోజు ఊళ్ళో అందరూ ఉంటారు. అంచేత నా చిన్నప్పుడు ఏ కనుమకీ మా నాన్న ఇంట్లో లేడు. మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఒక ఇంట్లో మూడుసార్లు వెళ్ళినా "కోడలు పుట్టింటికెళ్ళింది" అన్నారట. నాలుగోసారి ఆయన ఆ ఇంటికి వెళ్ళలేదు, ఆ పిల్ల పుట్టింటి ఊరికే వెళ్ళాడు. అక్కడా లేదు. అంటే అత్తారింట్లోనే ఉంది. ఆఖరికి ఊరి బావి దగ్గర కనబడితే మోచేతి పైన మచ్చ చూశాడు. అక్కడ ఒక్క మాట కూడా అనకుండా వచ్చేసి, ఆ పిల్ల నిజంగా పుట్టింటికెళ్ళినప్పుడు తల్లిముందు చెప్పి, అక్కడే మందిచ్చే ఏర్పాటు చేశాడు. అత్తారింటికి తెలిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కుష్టు ఉంటే విడాకులివ్వొచ్చని 1955 నాటి హిందూ వివాహ చట్టమే చెప్పింది, 2019లో సవరించేదాకా. 2008లో కూడా ఒరిస్సాలో కుష్టున్న మనిషి మున్సిపాలిటీ పదవికి అనర్హుడన్న నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. రిజిస్టర్లో ఓ మనిషి పేరు రాయడం అంటే మామూలు సంగతి కాదు మరి.

1981లో రెండుమూడు మందులు కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. ఒంటరి డాప్సోన్‌కి క్రిములు లొంగడం మానేస్తున్నాయి కాబట్టి. 1980ల్లోనే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి అది వచ్చింది. నెలకోసారి మా నాన్న కళ్ళముందు మింగాల్సిన గొట్టం బిళ్ళ ఒకటి ఉండేది, అది వేసుకుంటే మూత్రం ఎర్రగా వచ్చి జనం హడలిపోయేవారట. ఇంకో మందుకి ఒళ్ళు నల్లబడుతుంది, దాంతో ఊరందరికీ తెలిసిపోతుందని కొందరు పారేసేవారు. అయినా మందు మాత్రం బ్రహ్మాస్త్రమే. జీవితాంతం డాప్సోన్ మింగాల్సినవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో బయటపడ్డారు. ఇందులో ఎవరినీ తక్కువ చెయ్యడానికి లేదు. 1980ల మొదట్లో దేశంలో పదివేలకి 57 మందికి పైగా ఉండేవాళ్ళు, లక్షలమంది నిజంగానే బాగయ్యారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, లక్ష్యం దగ్గర. 1991లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక తీర్మానం చేసింది. 2000 కల్లా రోగుల సంఖ్య పదివేల జనాభాకి ఒకటికన్నా తగ్గాలి, తగ్గితే "ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినట్టు". (తొలగింపు వేరు, నిర్మూలన వేరు. మన పేపర్లు మాత్రం రెంటికీ నిర్మూలన అనే రాశాయి.) రోగుల సంఖ్య అంటే ఏమిటి? ఫలానా తేదీన రిజిస్టర్లో మందు వాడుతూ ఉన్నవాళ్ళు. ఒక సత్రం అనుకోండి. రోజుకి పదిమంది వస్తారు. ఒక్కొక్కరు పది రోజులుంటే ఎప్పుడు తలుపు తీసి చూసినా వందమంది కనబడతారు. రెండ్రోజులకే పంపేస్తే ఇరవైమందే. వచ్చేవాళ్ళు తగ్గలేదు, ఉండే రోజులు తగ్గాయి. ఎక్కువ మచ్చలున్నవాళ్ళకి చికిత్స 24 నెలలుండేది, 1990ల చివర్లో 12 నెలలకి కుదించారు. వైద్యపరంగా అది మంచి నిర్ణయమే కావచ్చు. లెక్కపరంగా మాత్రం ఒక్క కలంపోటుతో సత్రం సగం ఖాళీ.

ఇండియా 2000కి అందుకోలేకపోయింది. గడువు 2005కి జరిగింది. ఈలోగా కుష్టు విభాగాన్ని మామూలు ఆరోగ్య శాఖలో కలిపేశారు. మా నాన్నని పల్స్ పోలియోకీ, మలేరియాకీ, ఏదంటే దానికీ వాడుకున్నారు. ఇల్లిల్లూ తిరిగే సర్వే ఆగిపోయింది. మచ్చ ఉన్నవాళ్ళు తమంతట తామే పి.హెచ్.సి.కి రావాలి. 2006 జనవరి 30న ప్రకటించారు: 2005 డిసెంబరుకి పదివేలకి 0.95, లక్ష్యం సాధించాం అని.

అప్పుడు నేను బెంగుళూర్లో ఉన్నాను. పేపర్లో చూసి సంబరంగా ఫోన్ చేశాను. "నాన్నా, మీ జబ్బు పోయిందట."

"జబ్బు పోలేదురా. మేం పోయాం," అన్నాడు.

నేనూరుకుంటానా, డేటా అన్నాను, ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నాను, ఉద్యోగానికి ప్రాధాన్యం పోయిందని మీకు బాధ అని కూడా అన్నాను. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన "సర్లే, భోంచేశావా" అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఆ ప్రసక్తి ఎప్పుడూ తేలేదు.

వాచ్‌మన్ సంగతి జరిగాక, అదే డేటాని ఈసారి నేను కూచుని చూశాను. కొత్తగా దొరికిన రోగులు 2003లో 3.67 లక్షలు. 2004లో 2.60 లక్షలు. 2006లో 1.39 లక్షలు. మూడేళ్ళలో సగానికన్నా కిందకి! బయటపడడానికి సగటున ఐదేళ్ళు పట్టే జబ్బు ఇది. 2006లో బయటపడాల్సినవాళ్ళకి అది 2000 చుట్టుపక్కలే అంటుకుని ఉంటుంది. వాళ్ళెక్కడికి పోయారు? ఏ జబ్బూ తనంతట తాను ఇలా మెట్లు దిగినట్టు దిగదు. టెస్టింగు టీముని పంపించేశాక బగ్గులు తగ్గిపోయాయని సంబరపడే మేనేజర్లు నాకు తెలుసు. నేనూ ఒకసారి ఆ సంబరంలో కేకు తిన్నాను. డేటాబేసులో సున్నా వేరు, నల్ వేరు. సున్నా అంటే చూశాం, లేదు. నల్ అంటే చూడలేదు. మా నాన్న గైర్హాజరు గడి ఉద్దేశం అదే. ఆ గడిని తీసేసి అందులో ఉన్నవాళ్ళందర్నీ "లేదు" కింద రాసేశాం.

విభాగాన్ని కలిపేయడం మొత్తంగా తప్పనను. కుష్టు జీపు ఇంటిముందు ఆగితే ఊరంతా చూసేది, అందరితోబాటు పి.హెచ్.సి.లో చీటీ తీసుకుని కూచోవడంలో ఒక మర్యాద ఉంది. రోగులు తగ్గేకొద్దీ ఒక్కడికోసం వేలమందిని చూడడం ఖర్చు కూడా. ఒప్పుకుంటాను. కానీ అన్ని ఊళ్ళూ అక్కర్లేదు, ఏటా నాలుగూళ్ళు చీటీ తీసి చూస్తూ ఉన్నా అసలు సంగతి తెలిసేదే. పైగా పి.హెచ్.సి.లో కొత్తగా చేరిన డాక్టరుకి మచ్చని ముట్టుకోవాలని గుర్తుచేసే మనిషి కావాలి కదా. ఆ అనుభవం ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే రిటైరైపోయారు, ఆ స్థానాల్లో కొత్తవాళ్ళని పెద్దగా వేసిందీ లేదు.

ఆలస్యం ఎలా తెలుస్తుందంటే, దొరికేనాటికే వేళ్ళు వంగినవాళ్ళూ పాదాలకి పుళ్ళు పడ్డవాళ్ళూ కొత్త రోగుల్లో ఎంతమందో చూడాలి. మన దేశంలో 2005-06లో అది నూటికి రెండు లోపే. 2014-15 కల్లా నాలుగున్నర దాటింది. 2015లో కొందరు పరిశోధకులు 2000 నుంచి 2012 దాకా ప్రపంచవ్యాప్తంగా 26 లక్షల మంది ఎవరి లెక్కలోకీ రాకుండా తప్పిపోయి ఉంటారని అంచనా కట్టారు. 2016లో ప్రభుత్వం మళ్ళీ ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టింది, ఆశా కార్యకర్త ఒకరు, మగ వలంటీరు ఒకరు కలిసి. ఎక్కువగా ఉన్న జిల్లాల్లో రెండు వారాల పాటు ముప్పై కోట్లకి పైగా జనాన్ని చూస్తే 34 వేలమందికి పైగా దొరికారు. పదకొండేళ్ళ కిందట "తొలగిపోయిన" జబ్బు. (రోగిని పట్టుకొస్తే ఆశాకి 250 రూపాయలు. అప్పటికే అవకరం వచ్చేసిన రోగి అయితే 200. ఆ యాభై తేడా పెట్టినవాడెవడో గానీ మా నాన్నతో మాట్లాడినట్టే ఉంది.)

ఇంకా అనుమానం ఉంటే కోవిడ్ ఏడాది చూడండి. 2019-20లో లక్షా పద్నాలుగు వేలు. 2020-21లో 65 వేలు. 2022-23లో మళ్ళీ లక్షా మూడు వేలు. లాక్‌డౌన్‌కి కుష్టు బాక్టీరియా భయపడిందని ఎవరూ అనలేదు, ఈసారి అదొక్కటీ నయం. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త రోగుల్లో సగానికన్నా ఎక్కువమంది ఇప్పటికీ మనవాళ్ళే.

వాచ్‌మన్‌కి మందు మొదలైంది. పన్నెండు నెలలు వాడాలి. మచ్చ పోతుంది, క్రిమి పోతుంది, వంగిన చిటికెనవేలు మాత్రం పూర్తిగా తిరిగొస్తుందని నమ్మకం లేదట. ఏడాదిన్నర కిందట ఎవరైనా ముట్టుకుని ఉంటే వేలు వంగేది కాదేమో. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో "వాచ్‌మన్‌ని మార్చాలి" అని ఒకాయన మొదలెట్టాడు. మందు మొదలెట్టాక దాదాపు వెంటనే ఎవరికీ అంటదని నేను రాశాను, ఇద్దరు ముగ్గురు బొటనవేలు బొమ్మలు పెట్టారు, మిగతావాళ్ళు మాట్లాడలేదు. ప్రస్తుతానికి అతను ఉన్నాడు.

అతని భార్యా, ఇద్దరు పిల్లలూ ఊళ్ళో ఉంటారు. ఇంట్లోవాళ్ళకి అంటే అవకాశం ఎక్కువ. జబ్బు లేనివాళ్ళకి ముందు జాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒక్క డోసు ఇస్తే మొదటి రెండేళ్ళలో ముప్పు సగానికి పైగా తగ్గిందని బంగ్లాదేశ్‌లో జరిగిన పరీక్షలో తేలింది, 2008లో ప్రచురించారు. ఇప్పుడు మన దగ్గరా ఇస్తున్నారు. అయితే ముందు వాళ్ళని చూడాలి. డెబ్భై దాటిన మా నాన్న అందుకోసమని నెల నిండకుండానే రైలెక్కాడు. నా పెన్ను కూడా పట్టుకుపోయాడు.

నాలుగోరోజు ఫోన్ చేశాడు. తల్లికీ పిల్లాడికీ ఏమీ లేదు, పి.హెచ్.సి.కి తీసికెళ్ళి డోసు వేయించాడు. చిన్నదానికి ఆరేళ్ళు. చెంప మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ ఉందట. కళ్ళు మూయించి పెన్ను తాకిస్తే కిలకిలా నవ్వుతూ సరిగ్గా అక్కడే వేలెట్టి చూపించింది.

"అయితే లేనట్టే కదా నాన్నా?"

"మొహం మీద మచ్చకి స్పర్శ అంత తొందరగా పోదురా. ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. దీనికి డోసు వెయ్యొద్దన్నాను, డాక్టరు చూడాలి. మూణ్ణెల్లాగి మళ్ళీ వెళ్తాను."

రిజిస్టరు లేదు కదా ఇప్పుడు, ఎక్కడ రాసుకున్నావు అనడిగాను. గోడమీద క్యాలెండర్లో రాసుకున్నాడట.